సీసాకు పదో మనిషి

5 జూలై 2025, శనివారం, నంద్యాల

ప్రేమ్ సాగర్ కర్నూలు నుంచి ఫోన్ చేశాడు. ఎడిషన్ ఇన్‌చార్జి అయినప్పటి నుంచి అతను ఒక్క ఫోన్‌లో రెండు పనులు ముగిస్తున్నాడు.

మొదటి పని విజయవాడ. సెంట్రల్ డెస్కుకు నన్ను రమ్మంటున్నారు. నంద్యాల ఆఫీసును నెలాఖరుకు కుదిస్తారు. వెళ్తానో లేదో అప్పటికి చెప్పాలి. వెళ్లకపోతే ఇక్కడే ఉండి అప్పుడప్పుడు వార్తలు పంపుకోవచ్చు.

రెండో పని ఒక కథనం. గుండెపోటుతో ఎవరు పోయినా జనం కోవిడ్ టీకా మీదకు నెడుతున్నారు. సంబంధం లేదని ఢిల్లీ నుంచి అధ్యయనం వచ్చింది. ఆ అంకెలు అన్ని పేపర్లూ వేశాయి. మనం మనుషులను వేద్దామన్నాడు. ఆ రోజు టీకా వేయించుకోవాలని ఎందుకు అనుకున్నారు, ఇప్పుడు ఏమనుకుంటున్నారు, ఇంతే.

"నువ్వు ఆళ్లగడ్డలో ఏయించుకున్నావు కదా, ఆ సీసా కథ. అదే రాయి" అన్నాడు.

ఆ సీసా కథ ఇది. 2021 ఏప్రిల్, ఉగాది దాటాక. ఆళ్లగడ్డ హైస్కూల్లో శిబిరం. వార్త కోసం వెళ్లాను. ఒక సీసాలో పది డోసులుంటాయి. మూత తీస్తే కొద్ది గంటల్లో అయిపోవాలి, లేకపోతే పారబోయాలి. అందుకని పది మంది వచ్చేదాకా నర్సు రామేశ్వరమ్మ మూత తీయలేదు. ఎనిమిది మంది కూర్చుని ఉన్నారు. నేను కూడా కూర్చుంటే తొమ్మిది. పదో మనిషి రాలేదు. వస్తేగానీ తొమ్మిది మందికీ సూది లేదు. చివరికి పదో మనిషి వచ్చింది.

ఆ పది మందిని మళ్లీ కలవాలి. ఆళ్లగడ్డకు రెండు మూడు సార్లు వెళ్లాల్సి రావచ్చు.

పదో మనిషి ఎవరో నాకు తెలుసు. అయినా ధ్రువీకరించుకోవాలి.

6 జూలై, ఆదివారం

చొక్కాలు ఇస్త్రీకి ఇచ్చాను. రేపు ఫోటోలు తీయాలి.

7 జూలై, సోమవారం

ఫోటోలు తీసేవాడి చొక్కా ఫోటోలో పడదని బస్సు శిరివెళ్ల దాటాక తోచింది.

మొదట మాధవయ్య కిరాణా అంగడి. మా నాయనకు తెలిసినవాడు. మా ఇంట్లో అంగడి పెట్టకుండా పేపర్లో చేరిన మొదటివాడిని నేనేనని ఇప్పటికీ నన్ను చూసినప్పుడల్లా బాధపడతాడు. ఎందుకు టీకా వేయించుకున్నావంటే దాపరికం లేకుండా చెప్పాడు. జనం అంగడి మెట్లు ఎక్కడానికి భయపడుతున్నారు. 'ఈ అంగడిలో అందరూ సూది వేయించుకున్నారు' అని బోర్డు పెట్టాలనుకున్నాడు. బోర్డు పెట్టాలంటే వేయించుకోవాలి. వేయించుకున్నాడు. ఆ బోర్డు ఇంకా ఉంది. వెనక్కి తిప్పి 'చిల్లర లేదు' అని రాయించాడు.

"రాసుకో అప్పా ఫణీంద్రా. పదోవాన్ని నేనే. నేను పోకుంటే ఆయమ్మ మూతే తీస్తాండ్ల్యా."

మీరు నాకంటే ముందే కూర్చుని ఉన్నారని చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు. తర్వాత ఒక మాట గుర్తు చేసుకున్నాడు. ఎవరో టెంకాయ పట్టుకుని వచ్చారట. సీసాకు టెంకాయ కొడతారేమో అనుకున్నాడట.

టెంకాయ తెచ్చింది నేనే. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు.

భార్గవి గారి పూజా సామాను అంగడి ముందు నుంచే బస్టాండుకు దారి. మూసి ఉంది. సోమవారం మధ్యాహ్నం మూయరు. పక్క అంగడిలో అడిగాను. అత్తను కళ్ల డాక్టరు దగ్గరకు తీసుకుపోయిందన్నారు.

9 జూలై, బుధవారం

శేషయ్య రెడ్డి. చాగలమర్రి దారిలో పొలం. ఈసారి శనగ బదులు పత్తి వేశాడు. గట్టు మీద కూర్చోబెట్టి మాట్లాడాడు.

సూది వేయించుకోవడం పెద్ద నిర్ణయమేమీ కాదట. "గొడ్లకు ఏటా గాలికుంటు సూది ఏపిస్తాము. గొడ్డుకు పనికొచ్చేది మనిషికి పనికిరాదా? మా ఆడోళ్లు ఏడ్సినారు. నేనన్న్యా, ఎద్దు ఏడ్సలేదు కదమ్మే అని."

పదోవాడు తానేనని ఆయన కూడా చెప్పాడు.

దేవదానం మాస్టారు పోయారు. పోయిన వేసవిలో, స్కూటర్ మీద నుంచి పడి. ఆయన భార్యను కలిశాను. టీకా వల్లే కళ్లు తిరిగాయని మరిది అంటాడట. స్కూటర్‌కు బ్రేకుల్లేవని ఆమె అంటుంది. మెకానిక్‌ను అడిగాను. ఆమె చెప్పిందే నిజం. మాస్టారు కూడా పదోవాన్ని నేనేనని తరగతిలో పిల్లలకు చెప్పేవారట.

తిరిగి వస్తుంటే బస్సులోంచి చూశాను, భార్గవి గారి అంగడి తెరిచి ఉంది. రద్దీగా ఉంది, అహోబిలం పోయే రెండు జీపుల జనం. దిగలేదు. దిగవలసిన పని కూడా లేదు, ఇంకా ఆమె వంతు రాలేదు.

10 జూలై, గురువారం

నర్సు రామేశ్వరమ్మ ఇప్పుడు నందికొట్కూరులో ఉంది. ఫోన్‌లో మాట్లాడాను. పేరు చెప్పగానే, "టెంకాయ సారా?" అంది. ఇన్నేళ్లలో ఎన్ని వేల చేతులకు సూది గుచ్చిందో, గుర్తున్నది నా టెంకాయ.

పదో మనిషి ఎవరని అడిగాను. భార్గవి గారే అని చెప్పింది. ఒక వివరం నిర్ధారణ అయింది. తర్వాత ఆమె అడిగిన ప్రశ్న కథనానికి సంబంధించింది కాదు, కనుక రాయడం లేదు.

సరే, ఇది పేపరు కాదు. రాస్తాను. "ఆయమ్మ బాగుందా సార్? మీరు ఆ పక్క పోతాంటారు కదా" అని అడిగింది. నేను ఆ పక్కకు పోతున్నట్టు నందికొట్కూరులో ఎలా తెలుసు?

12 జూలై, శనివారం

ఈ రోజు భార్గవి గారి వంతు.

ఉన్నది ఉన్నట్టు రాస్తాను. వయసు యాభై. ఆళ్లగడ్డ బజారులో పూజా సామాను అంగడి, సరిగ్గా హైస్కూలు ఎదురుగా. భర్త పోయి తొమ్మిదేళ్లు. పిల్లలు లేరు. అత్త కన్యకమ్మ గారితో అంగడి వెనక ఇంట్లోనే ఉంటుంది. ఈ నాలుగేళ్లలో అహోబిలం వైపు ఎప్పుడు వార్తకు వెళ్లినా నేను అక్కడ ఆగాను. కాఫీ బాగుంటుంది. (కాఫీ నంద్యాలలో కూడా బాగుంటుంది.)

నా భార్య సుగుణ పోయి ఏడేళ్లు. ఇది ఇక్కడ ఎందుకు రాశానో తెలియదు.

కన్యకమ్మ గారు కళ్లజోడు కొత్తది పెట్టుకుని గల్లా పక్కన కూర్చున్నారు. నోట్‌బుక్ తీశాను. నేను ప్రశ్న అడగకముందే ఆమె మొదలుపెట్టారు. ఆ రోజుల్లో కోడలిని వద్దన్నది తానే. సూది వేసుకున్నవాళ్లు రెండేళ్లకు పోతారని ఎవరో చెప్పారు.

"మరి మీరెప్పుడు వేయించుకున్నారు?" అన్నాను.

"ఇది పోతాదేమోనని మూడు నెల్లు సూసినా. పోల్యా. అప్పుడు నేనూ పోయి ఏపించుకున్న్యా."

భార్గవి గారు నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్లారు. కాఫీ తెచ్చాక నిలబడే జవాబులు చెప్పారు.

ఆ రోజు జరిగింది మా ఇద్దరికీ ఒకేలా గుర్తుంది. పదో మనిషి దొరక్క రామేశ్వరమ్మ అందరినీ ఇళ్లకు పంపేయబోతోంది. నేను అడిగి వస్తానని బజారులోకి వెళ్లాను. ఎండ. బేరాలు లేక అందరూ అంగళ్లలో ఊరికే కూర్చుని ఉన్నారు, అయినా రామన్నారు. చివరికి ఈ అంగడి. వస్తానని గానీ రానని గానీ ఆమె అనలేదు. "ఇంకా బోణీ కాలేదు సార్" అన్నారు. మామగారి కాలం నుంచి ఆ ఇంట్లో అది పద్ధతి. బోణీ కాకముందు గల్లా దగ్గర నుంచి లేవరు, ఎవరు పిలిచినా సరే. మా నాయన కూడా లేచేవాడు కాదు. అందుకే నాకు విడమర్చి చెప్పనక్కరలేకపోయింది. చేతికి అందింది టెంకాయ. కొన్నాను. ఆమె లేచి, చెప్పులు వేసుకుని వచ్చారు. సీసా మూత తెరుచుకుంది. నేను టెంకాయ ఒక చేత్తో పట్టుకునే రెండో చేతికి సూది వేయించుకున్నాను.

"అయితే టీకా వేయించుకోవాలని ఎందుకు నిర్ణయించుకున్నారు?"

"బోణీ అయింది కాబట్టి."

రాసుకున్నాను. ఇది నిర్ణయానికి కారణం కాదు. లేవడానికి కారణం. ఇంకోసారి అడగాలి.

13 జూలై, ఆదివారం

విజయవాడకు వస్తానని మెయిల్ రాశాను. పంపలేదు. అచ్చుతప్పులు చూడాలి.

15 జూలై, మంగళవారం

అంగడి పేరు సరిచూసుకోవడానికి ఆళ్లగడ్డ వెళ్లాను. బోర్డు మీద ఉన్నట్టే నోట్‌బుక్‌లో ఉంది.

మాటల్లో విజయవాడ సంగతి చెప్పాను. కన్యకమ్మ గారు ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడం నేను మొదటిసారి చూడటం. భార్గవి గారు "మంచిదే కదా సార్" అని, కర్పూరం పొట్లాలు డబ్బాలో సర్దారు. సర్దాక అన్నీ బయటికి తీసి మళ్లీ సర్దారు.

కాఫీ ఇవ్వలేదు. మర్చిపోయి ఉంటారు.

16 జూలై, బుధవారం

మా అమ్మాయి పూజిత కర్నూలు నుంచి ఫోన్ చేసింది. కాలేజీలో పరీక్షలట. తర్వాత కథనం ఎంతవరకు వచ్చిందని అడిగింది. ఇంకా ఒకరి దగ్గర వివరాలు సరిగ్గా రాలేదని చెప్పాను.

"ఎవురి దగ్గర?"

పేరు చెప్పాను.

"నాయనా, నాలుగేండ్ల నుంచి నువ్వు ఎవురి గురించి చెప్పినా మధ్యలో ఆయమ్మ మాట వస్తాది. అహోబిలం తిరునాళ్ల గురించి చెప్తే కూడా వస్తాది. ఆయమ్మను నువ్వు అడుగుతావా, నేను వచ్చి అడగాల్నా?"

ఏం అడగాలని అన్నాను. ఫోన్ పెట్టేసింది. కూతురితో ఇలాంటి విషయాలు మాట్లాడే పద్ధతి మా ఇంట్లో లేదు. ఆమెకు ఎప్పుడు వచ్చిందో తెలియదు.

17 జూలై, గురువారం

అడగాలి. విజయవాడకు జవాబు ఇవ్వకముందే అడగాలి. వద్దంటే వెళ్లిపోతాను, అక్కడ ఎవరికీ ఈ సంగతి తెలియదు. ఇదీ విషయం. ముప్పై ఏళ్లుగా ఊరి వాళ్లందరినీ ప్రశ్నలు అడిగాను. ఎమ్మెల్యేలను అడిగాను. హత్య చేసి లొంగిపోవడానికి వచ్చినవాడిని స్టేషన్ మెట్ల మీద ఆపి అడిగాను.

19 జూలై, శనివారం

వెళ్లాను. అడగలేదు. జనం ఉన్నారు.

20 జూలై, ఆదివారం

నిన్న జనం లేరు.

22 జూలై, మంగళవారం

పొద్దున్నే వాన. నేను దిగేసరికి ఆళ్లగడ్డ బజారు ఖాళీగా ఉంది. కన్యకమ్మ గారు లోపల పూజలో ఉన్నారు. భార్గవి గారు ఒక్కరే ఉన్నారు. స్టూలు జరిపి కూర్చోమన్నారు.

చివరి ప్రశ్న మిగిలిపోయిందని చెప్పాను. బోణీ కాకుండా అసలు కారణం ఏమిటని అడిగాను.

ఎదురుగా హైస్కూలు గేటు వైపు చూస్తూ చెప్పారు. శిబిరం పెట్టిన వారం నుంచి ఆమె రోజూ చూస్తూనే ఉన్నారట. నలుగురో ఐదుగురో వచ్చేవాళ్లు, కూర్చునేవాళ్లు, పది మంది కాక వెళ్లిపోయేవాళ్లు. తనకూ భయమే. వేసుకుంటే ఏమవుతుందో, వేసుకోకపోతే ఏమవుతుందో. తనకేమైనా అయితే అత్తకు ఎవరూ లేరు. ఆ రోజు తొమ్మిది కుర్చీలు నిండాయి.

"నేను లేస్తే తొమ్మిది మందికి పనైతాది. లేవకుంటే తొమ్మిది మందీ ఇండ్లకు పోతారు. భయం నా ఒక్కదానిదే కదా సార్. అంతే."

రాసుకున్నాను. మంచి జవాబు. కథనానికి ఇదే ప్రాణం అనుకున్నాను.

"ఇంకోటి ఉంది. అది పేపర్లో రాయొద్దు" అన్నారు.

పెన్ను మూశాను.

"మీరు ఆ ఎండలో అంగడి అంగడికీ పోయి అడుగుతాంటే ఈడ కూర్చోని చూస్తాండా. ఎవురూ రాలేదు. మీరు కోపం చేసుకోలేదు, తిట్టలేదు. తల ఊపి పక్క అంగడికి పోతాండారు. ఈయప్ప నా దాకా వస్తే లేదనకూడదు అనుకున్న్యా. అప్పుడే అనుకున్న్యా. టెంకాయ తర్వాత."

"మరి బోణీ కాలేదని ఎందుకన్నారు?"

"కాలేదు కాబట్టి. అంటే పోతారో, నిలబడతారో చూద్దామని కూడా."

నేను ఏదో అనాలి. వాన గురించి అన్నాను. తర్వాత, విజయవాడకు వెళ్లాలని లేదు, ఇక్కడే మీ దగ్గర ఉండిపోవాలని ఉంది, మీకు ఇష్టమైతే పెళ్లి చేసుకుందాం అని చెప్పాను. మూడు విషయాలు ఒకే వాక్యంలో పెట్టడం తప్పని కొత్త విలేకరులకు నేనే చెప్తుంటాను.

ఆమె నా వైపు తిరిగారు. మొహంలో కోపం లేదు. ఇది నేను జాగ్రత్తగా చూశాను.

"ఆషాఢం సార్" అన్నారు. "ఇట్లాంటి మాటకు ఈ నెలలో అవుననేది లేదు మా ఇంట్లో."

"కాదనొచ్చా?"

"కాదనడానికి నెల చూడరు." ఆగి, "శుక్రవారం శ్రావణం పెడ్తాది. అత్తను అడగాల. ఆయమ్మ వద్దంటే మాత్రం నేను లేవను" అన్నారు.

లోపల పూజ గంట ఆగి ఉంది. ఎప్పుడు ఆగిందో నేను గమనించలేదు.

22 జూలై, మళ్లీ

కాదనడానికి నెల చూడరు. కాదనలేదు.

ఇది వాస్తవం. దీన్నుంచి నేను ఏమీ ఊహించడం లేదు.

23 జూలై, బుధవారం

ఊహిస్తున్నాను. ఆమెకు అత్త మాట దాటే అలవాటు లేదు. దాటింది నాకు తెలిసి ఒక్కసారే, ఆ టీకా రోజు. రెండోసారి దాటుతుందని అనుకోవడానికి ఆధారం లేదు. కన్యకమ్మ గారికి కోడలు తప్ప ఎవరూ లేరు. కోడలిని తీసుకుపోతానని వచ్చినవాడికి ఆ వయసులో ఎవరైనా అవునంటారా? నేనైతే అనను.

24 జూలై, గురువారం

అమావాస్య. ఏమీ రాయలేదు, ఏమీ తినలేదు. ప్రేమ్ సాగర్‌కు కథనం ఆదివారం ఇస్తానన్నాను. విజయవాడ గురించి అడిగాడు. రేపు చెప్తానన్నాను.

25 జూలై, శుక్రవారం

మొదటి బస్సుకే వెళ్లాను. అంగడి అప్పుడే తీస్తున్నారు. గడపకు పసుపు రాసి ఉంది. భార్గవి గారు నన్ను చూసి లోపలికి వెళ్లిపోయారు. గల్లా దగ్గర కన్యకమ్మ గారు కూర్చుని ఉన్నారు. నాకు స్టూలు చూపించారు. వచ్చేటప్పుడు బస్సులో నాలుగు మాటలు సిద్ధం చేసుకున్నాను. ఒక్కటీ గుర్తు రాలేదు.

"ఆ పొద్దు వానలో నువ్వు చెప్పింది నాకు ఇనపడింది నాయనా. కండ్లకే డాక్టరు దగ్గరకు పోయినా, చెవులకు కాదు."

నేను స్టూలు మీద సర్దుకుని కూర్చున్నాను.

"టెంకాయ కొన్నోడు దేవళానికి పోతాడు. నువ్వు సూదికి పోతివి. ఆ పొద్దే అనుకున్న్యా, ఈయప్పకు కావాల్సింది టెంకాయ కాదని. నాలుగేండ్లు పట్టింది నీకు నోరు తెరవడానికి. పేపరోళ్లు బేగా మాట్లాడతారంటారే."

నేను క్షమించమన్నాను. దేనికని ఆమె అడగలేదు.

తర్వాత ఆమె గొంతు మారింది. "నా కొడుకు పోయి తొమ్మిదేండ్లాయె. ఇది అంగడి చూసింది, నన్ను చూసింది. దీన్ని ఎవురూ చూడలేదు. నేను కూడా చూడలేదు. నా పక్కనే ఉంది కదా, యాడికి పోతాదిలే అనుకున్న్యా." కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు. "చేసుకో. కానీ ఒకటి. ఇది విజయవాడకు రాదు, నంద్యాలకు రాదు. అంగడి ఈడ ఉంది, నేను ఈడ ఉండా. నువ్వే రా."

వస్తానన్నాను. మా నాయన బతికి ఉంటే, చివరికి అంగడికి చేరావు కదా అని మాధవయ్యకు కబురు పంపేవాడు.

భార్గవి లోపలి నుంచి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, నవ్వుతోంది. రెండూ చూశాను కాబట్టి రెండూ రాస్తున్నాను. సార్ అనలేదు. ఏమనాలో ఇంకా తేల్చుకోలేదని, అందాకా ఏమీ అననని చెప్పింది.

ఇంటికి వచ్చి ప్రేమ్ సాగర్‌కు మెయిల్ పెట్టాను. విజయవాడకు రాలేను, ఆళ్లగడ్డ నుంచి వార్తలు పంపుతాను. ఒక్క వాక్యం. పంపించాను.

పూజితకు ఫోన్ చేశాను. విషయం చెప్పకముందే ఏడ్చింది, చెప్పాక నవ్వింది. ముహూర్తం ఎప్పుడని అడిగింది. కన్యకమ్మ గారు పంచాంగం ముందేసుకుని కూర్చున్నారని చెప్పాను.

26 జూలై, శనివారం

సంతోషంగా ఉంది. ఇంకో మాట వెతికాను. దొరకలేదు.

27 జూలై, ఆదివారం

పొద్దున కథనం పంపాను. బోర్డు తిప్పిన మాధవయ్య, ఎద్దును సాక్ష్యం తెచ్చిన శేషయ్య రెడ్డి, బ్రేకుల్లేని స్కూటరు, అందరూ ఉన్నారు. ఎవరూ చింతించడం లేదని, పది మందిలో ఏడుగురు పదో మనిషి తామేనని చెప్పుకుంటున్నారని రాశాను. నర్సు మాట కూడా వేశాను.

సాయంత్రం ప్రేమ్ సాగర్ ఫోన్ చేశాడు. కథనం బాగుందన్నాడు. విజయవాడ గురించి ఏమీ అనలేదు.

"అంతా సరే, అసలు పదో మనిషి ఏది? వచ్చింది అని ఒక్క ముక్క రాసి దాటేసినావు. పేరు లేదు, ఫోటో లేదు. ఎందుకొచ్చిందో లేదు. కథంతా ఆమె దగ్గరే కదా ఉండేది. మాట్లాడలేదా?"

"మాట్లాడింది."

"నోట్సు ఉందా?"

"ఉంది."

"మరి రాయి. పేజీ రేపటిదాకా ఆపుతాను."

"రాయకూడదు. ఇంటివాళ్ల గురించి మనం వార్తలు రాయం కదా."

వెనక డెస్కు వాళ్ల మాటలు వినిపిస్తున్నాయి. అతను తలుపు మూసిన చప్పుడైంది.

"ఎప్పటి నుంచి?" అన్నాడు మెల్లగా.

"శుక్రవారం నుంచి" అన్నాను.